ఏడో నంబరు మంచం షుగరు

జిల్లా ఆసుపత్రి పురుషుల వార్డులో మధుమేహం మనుషుల్ని వదిలి మంచాలకు వచ్చి ఏడాది కావస్తోంది. ఇన్సులిన్ మోతాదు నిర్ణయించే కంప్యూటరు తెరను గోడకు బిగించిన రోజున అందులో రోగుల పేర్లకు బదులు మంచాల నంబర్లు ఎక్కించారు. పేర్లు మారుతుంటాయి, మంచాలు మారవు. కొద్ది రోజుల్లోనే రోగుల రక్తం కూడా ఆ పద్ధతికి అలవాటుపడింది. ఎవరు పడుకుంటే వారికి ఆ మంచం షుగరు వస్తుంది, లేస్తే పోతుంది. పద్నాలుగో మంచం షుగరు నిలకడగా ఉంటుందని పేరుపడటంతో దానికోసం సిఫారసులు మొదలయ్యాయి.

విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు పినాకపాణి గారికి ఏడో మంచం దొరికింది. కాలి బొటనవేలి మీద పుండు. షుగరు దిగకపోతే వేలు తీసేస్తామన్నారు. ఏడో మంచం షుగరేమో మూడు వందల కిందికి దిగిన దాఖలా లేదు.

"పాత మంచం మాస్టారూ, మొండిది," అంది సిస్టర్ రోజమణి. "ఎంత ఇన్సులిన్ పోసినా దానికి ఆనదు."

మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చిన మనిషి గనక ఆయన ఆ మాట నమ్మలేదు, పరీక్షించాడు. మంచం మీద ఒకసారి, దిగి గచ్చు మీద ఒకసారి చేతివేలు గుచ్చి చూసుకున్నాడు. ఎన్నిసార్లు చూసినా అదే ఫలితం: మంచం మీద మూడు వందల పైన, గచ్చు మీద మామూలు. మంచాలు చాలక గచ్చు మీద పడుకున్నవారెవరికీ షుగరు లేదు, గచ్చుకు నంబరు లేదు గనక. నంబరు లేదు గనకే వారికి కట్టూ లేదు, భోజనమూ లేదు. ఫలితం ఇంత నిలకడగా వచ్చాక ఒప్పుకోకపోవడమే మూఢత్వమని ఆయన తేల్చుకున్నాడు.

రోగి మంచం మీద తోడు వచ్చినవారు ఓ కునుకు తీయడం అక్కడ మామూలే. ఆయన భార్య విశాలాక్షి ఆ కునుకును పొడిగించింది.

"మీరు కింద పడుకోండి. పుండు మానేదాకా ఆ షుగరేదో నేను చూసుకుంటాను."

"ఇన్సులిన్ నీకు పొడుస్తారు."

"మీ ఉపన్యాసాలన్నీ ముందు వరసలో కూర్చుని విన్నదాన్ని. సూది ఒక లెక్కా?"

కట్టు వేళకు ఆయన కింద నుంచే కాలు మంచం మీదికి చాపేవాడు. ఏడో నంబరు కాలికి కట్టు కట్టి సిస్టర్ వెళ్ళిపోయేది. పుండు ఎండి కొత్త చర్మం వచ్చింది. అంతటి తృప్తి ఆయనకు ఏ ప్రయోగశాలలోనూ కలగలేదు.

అప్పుడు తెర మీద నిర్ణయం వెలువడింది: ఏడో మంచం షుగరు ఎంతకీ దిగనందున బొటనవేలు తొలగించవలెను. స్ట్రెచరుతో వచ్చిన సర్జన్ సుధన్వ ఒకప్పుడు ఆయన శిష్యుడే. వస్తూనే మంచం మీదున్న విశాలాక్షి కాలివేలిని శ్రద్ధగా పరీక్షించసాగాడు. పినాకపాణి ఆమెను దింపి తాను ఎక్కాడు.

"నా వేలు చూడు బాబూ. మానిపోయింది."

సుధన్వ వంగి చూశాడు. "అవును సార్, చక్కగా మానింది. తెర మాత్రం మానలేదంటోంది."

"నీ కళ్ళకు కనబడుతోందిగా."

"కంటిని కాదు, కొలతను నమ్మమని మీరు మొదటి క్లాసులోనే చెప్పారు సార్. నేనింకా మరిచిపోలేదు."

పినాకపాణి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు.

"దిగి వచ్చేయండి," అంది విశాలాక్షి. "కింద నంబరు లేదుగా."

"నేను దిగితే నిన్ను ఎక్కిస్తారు. ఏడులో ఎవరో ఒకరు ఉండాలి," అన్నాడాయన పాఠం చెప్పే గొంతుతోనే. ఆపైన పాదం చాపాడు.

స్ట్రెచరు కదలగానే గచ్చు మీద పడుకున్న రోగి ఒకడు మోచేతి మీద లేచాడు. "ఏడు ఖాళీ అవుద్దా సిస్టరమ్మా?"

"మూడొందల షుగరు వస్తుంది, తెలుసా?"

"భోజనం కూడా వస్తది కదమ్మా," అంటూ అతను దుప్పటి మడత పెట్టుకున్నాడు.