రాయడం నేర్పే పుస్తకాలు వర్ధిల్లాలి!

ముందే ఒప్పేసుకుంటాను. రచన ఎలా చేయాలో నేర్పే ఇంగ్లీషు పుస్తకాలు ఆబిడ్స్‌లో ఎన్ని దొరికితే అన్నీ కొన్నాను. ఒక్కటి కూడా చివరిదాకా చదవలేదు!

నవ్వకండి. మీ ఇంట్లో ఉన్నదాన్ని మీరు పూర్తి చేశారా?

అయినా నా మాట నమ్మండి. ఈ కాలంలో మనిషికి ఈ పుస్తకాలంత మేలు చేసిన వస్తువు ఇంకోటి లేదు. ఇంట్లోకొచ్చిన కరెంటు దీపం, రోడ్డు మీది డబుల్ డెక్కర్ బస్సు, అన్నీ వీటి తర్వాతే!

ఎలాగంటారా? మా అన్నయ్యను చూడండి.

మా అన్నయ్య ఇంద్రసేన సర్కారీ దఫ్తర్‌లో గుమాస్తా. (పేరు మార్చాను లెండి. ఒకవేళ ఇది చదివినా ఇంకెవరి అన్నయ్యో అనుకుని బాగా నవ్వుతాడు.) ఆయన నవల రాయబోతున్నాడు. పోలీస్ యాక్షన్ కాకముందు నుంచీ రాయబోతున్నాడు. కిటికీ పక్క టేబుల్ ఆయనది. దాని మీది ఫౌంటెన్ పెన్ను ఆయనది. ఆయన రొమ్ము మీద పుస్తకం బోర్లించుకుని కళ్లు మూసుకున్నాడంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. నిద్ర కాదది, ప్రేరణ!

"మొదలువెట్టినవా అన్నా?" అని అప్పుడప్పుడు అడుగుతుంటాను.

"నీకేం ఎరుక వసూ? ముందుగాల మనసు తయారు గావాలె. గీ పుస్తకంల అదే రాసిండు."

"ఎప్పుడు తయారైతది?"

"జర విశాలాంధ్ర సంగతి తేలనీ."

చూశారా ఎంత నిమ్మళమో! రాసినవాడికి ఎన్ని బాధలు? సంపాదకుడు తిప్పి పంపుతాడు. అచ్చయితే అచ్చుతప్పులు. అవి లేకపోతే విమర్శకులు. రాయబోయేవాడికి అదేమీ లేదు. ఈ పుస్తకాలే లేకపోతే మా అన్నయ్య పాపం ఈపాటికి ఆ నవల రాసేసి ఉండేవాడు. మీరు చదవాల్సి వచ్చేది!

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద రామచందర్ అని ఒకాయన పాత పుస్తకాలు అమ్ముతాడు. ఇంగ్లీషు దొరల బంగళాలు ఖాళీ అయినప్పుడు బయటపడ్డ సరుకు. రాయడం నేర్పే పుస్తకం ఏది తీసినా లోపల ఒకటే కథ. మొదటి అధ్యాయం నిండా పెన్సిలు గీతలు. అంచున "అద్భుతం! రేపే మొదలుపెట్టాలి!" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. రెండో అధ్యాయంలో గీతలు పలచబడతాయి. మూడోదాంట్లో ఒక చాయ్ మరక. ఆ తర్వాత అంతా తెల్లగా, ఇస్త్రీ మడత విప్పని బట్టలా ఉంటుంది.

అంటే, దొరలంతటి దొరలు కూడా రెండు అధ్యాయాల్లో బాగుపడి, రాయడం మానేసి, హాయిగా పరిపాలన చేసుకున్నారన్నమాట!

నేను మాత్రం ఊరికే కొని పెట్టుకోలేదు. టెక్నికల్ స్కూల్లో షార్ట్‌హ్యాండు, టైపు పాసై ఒక ఆఫీసులో పని చేస్తున్నదాన్ని. కాగితం మీద ఎలా ఉంటే అలా చేసి చూడకపోతే నాకు తోచదు.

"తెల్లవారుజామున లేచి, నిశ్శబ్దంలో రాయండి" అంది ఒక పుస్తకం. మా నాంపల్లి వాకిట్లో నల్లా నీళ్లు వచ్చేది సరిగ్గా అప్పుడే. అన్ని వాటాల బిందెలూ ఒకేసారి లేస్తాయి. ఆ నిశ్శబ్దం స్టేషన్ దాకా వినిపిస్తుంది.

"గదిలోకి వెళ్లి గడియ వేసుకోండి" అంది ఇంకోటి. వాకిలి మొత్తానికి లోపలి గడియ ఉన్నది ఒక్క స్నానాల గదికే. వేసుకున్నాను. పాత్రల మనస్తత్వం గురించి ఆలోచన ఇంకా మొదలే కాలేదు, బయట తలుపు దబదబ బాదుతున్నారు. "లోపల ఎవరుల్లా? నిద్రవోయినవా ఏంది? జర జల్ది రా!"

"ఒంటరిగా చాలాదూరం నడవండి, ఆలోచనలు అవే వస్తాయి" అంది మూడోది. స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు మెల్లగా నడిచాను. ఆలోచనలు రాలేదు గానీ మాకు వరసకు మామయ్య అయ్యే వెంకటనర్సయ్య సైకిలు మీద వచ్చాడు. దిగాడు.

"ఏమైంది బిడ్డా? ఇంట్ల కొట్లాటనా?"

"లేదు మామా. ఊకెనే నడుస్తున్న."

"ఊకెనే ఎవరన్న నడుస్తరా? పా, ఇంటికాడ దిగవెడ్త."

సైకిలు తోసుకుంటూ ఇంటిదాకా వచ్చి, మా అమ్మకు అప్పజెప్పి, చాయ్ తాగి వెళ్లాడు!

ఇలా ఉండగా ఒక వారపత్రిక కథల పోటీ పెట్టింది. కొత్తగా రాసే స్త్రీలకు మాత్రమే. గడువు నెలాఖరు. నాకు ఒక కథ కూడా తట్టింది. నల్లా దగ్గర బిందెల వరస కోసం ఇద్దరాడవాళ్లు కొట్లాడుకుని, ఒకరి చీర కొంగుతో ఇంకొకరు కళ్లు తుడుచుకోవడం. ఏ పుస్తకంలోనూ లేదు. మా వాకిట్లోనే చూశాను.

అన్నయ్య కాచిగూడ వెళ్లిన పూట, ఆయన టేబుల్ దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. ఒక పేజీ అయిందో లేదో, పక్క వాటా శంకరమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

"ఎవరికి రాస్తున్నవ్ బిడ్డా?"

"ఎవరికి లేదు అత్తా. కథ."

"ఔ ఔ. మా చెల్లె బిడ్డ గూడ గట్లనే చెప్పింది. తర్వాత ఒకనాడు పిలగాడే ఇంటికొచ్చిండు."

దీపాలు పెట్టే వేళకి నాకో పిలగాడు తయారయ్యాడు. ఒక వాటాలో వాడిది ఖైరతాబాద్, ఇంకో వాటాలో గౌలిగూడ. బస్ డిపోలో ఉద్యోగమట కూడా! వాడి గురించి నాకు తప్ప అందరికీ తెలిసింది.

నాన్న పోయాక ఇంటికి పెద్ద అన్నయ్యే. వచ్చాడు, విన్నాడు.

"ఇంకోపారి ఎవరికన్న రాసుడు నా కండ్లవడితే నౌకరీ బందు. ఇంట్లనే కూసో" అన్నాడు.

ఆఫీసులో పొద్దస్తమానం నేను చేసే పని ఉత్తరాలు రాయడమే. అన్నీ మగవాళ్లకే. ఎంతమందికి "మీ విధేయుడు" అని టైపు కొట్టానో! ఎవరికి రాస్తున్నవ్ అని ఒక్కరూ అడగలేదు. నా మాట ఒక్కటి రాసుకోబోతే ఆ ఉద్యోగమే పోయేట్టుంది.

రాత్రి వంట అయ్యాక నా పుస్తకాలన్నీ వెతికాను. ప్లాటు గురించి ఉంది, పాత్రల గురించి ఉంది, పైపు కాలుస్తూ ఆలోచించడం గురించి కూడా ఉంది. "ఎవరికి రాస్తున్నవ్?" అంటే ఏం చెప్పాలో మాత్రం ఒక్క దొరా రాయలేదు. పాపం, వాళ్లనెవరూ అడిగి ఉండరు.

అప్పుడే తెలిసింది నాకు, ఈ పుస్తకాల అసలు ఉపయోగం!

ఉన్నవాటిలో లావుపాటిది తీసి ఒళ్లో నిలబెట్టాను. లోపల కాగితం పెట్టాను. చేతిలో పెన్సిలు. ముఖ్యమైన చోట్ల గీతలు గీసుకోవాలి కదా!

"ఏం జేస్తున్నవే?" అని అడిగాడు అన్నయ్య.

"చదువుతున్న."

"ఆఁ, చదువుకో చదువుకో!"

అంతే! ఆడపిల్ల రాస్తే వాకిలంతా లేస్తుంది. రాయడం ఎలాగో చదివితే బుద్ధిమంతురాలు! శంకరమ్మ తన కోడలికి నన్ను చూపించి బుద్ధి చెప్పింది. అన్నయ్య అయితే పొంగిపోయాడు. "మా చెల్లె గూడ మెల్లగ తయారైతున్నది" అని తన దోస్తులకు చెప్పుకున్నాడు.

గడువు దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం అమ్మ చేటలో చిక్కుడుకాయలు వేసుకుని నా పక్కన కూర్చుంది. కాయలకు ఈనెలు తీయసాగింది. చదువుతున్నట్టు కనబడాలని నేను ఒక పేజీ తిప్పాను.

"వసూ."

"ఆఁ."

"ఈపారి ఆబిడ్స్ వోయినప్పుడు జర వెడల్పుది తెచ్చుకో బిడ్డా. కాగితం అంచు బయటికి కనవడుతున్నది."

చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు రామచందర్ దగ్గర ఇంకా వెడల్పాటి పుస్తకం కొన్నాను. దాంట్లో ఏముందో ఇప్పటికీ తెలియదు. కథ గడువులోపల పోస్టు చేశాను. ప్రైజు రాలేదు గానీ అచ్చయింది. మారుపేరుతోనే.

అన్నయ్య చదివాడు. పత్రిక టేబుల్ మీద పడేశాడు.

"నల్లా కాడ బిందెల కొట్లాట గూడ ఒక కథనేనా? గీ పిల్లెవరో గని, రాసుడెట్లనో ఒక్క పుస్తకమన్న చదివినట్టు లేదు!"

విమర్శకుడు నిజం చెబితే మనం ఏమంటాం? అమ్మ మాత్రం ఆ పత్రికను పాత కాగితాల్లో పడనివ్వకుండా దేవుడి గూట్లో పెట్టింది. 

ఇక మీ సంగతి చెప్పండి. మీరు దేని చాటున రాస్తున్నారు? పంచాంగమా, కుట్టుపని పుస్తకమా, పిల్లల లెక్కల పుస్తకమా? నా పేరు మీద పత్రిక అడ్రసుకు రాయండి.

రాస్తుంటే ఎవరైనా వచ్చి "ఎవరికి?" అని అడుగుతారు. దాచకండి. ధైర్యంగా నా పేరే చెప్పండి.

ఆడపేరే లెండి!