సగం సెల్యూట్ దించిన షట్టర్

"నిందితుడు చచ్చిపోయినంత మాత్రాన మా ప్రభుత్వం ఊరుకోదు! విచారణకు ముందే తప్పించుకుపోయినవాణ్ణి ఎంత దూరమైనా వెంటాడి, బాధిత కుటుంబానికి మనశ్శాంతి ఇచ్చి తీరుతుంది!" అని న్యాయశాఖ మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు. ఎంత దూరం వెంటాడతారో నాకు అర్థం కాలేదు గానీ, ఆ గుద్దుకి బల్ల మీంచి పడబోయిన గాజుగ్లాసుని గాల్లోనే పట్టుకున్న అధికారిని టీవీలో చూశాక కొంచెం ధైర్యం వచ్చింది. ఆయనే మనశ్శాంతి విభాగం స్పెషల్ ఆఫీసర్.

ఆ పథకానికి మొట్టమొదటి లబ్ధిదారు మా అక్క.

అక్క కొడుక్కి మా వీధి మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. ఒకరోజు దుకాణాలు కట్టేసే వేళ వాణ్ణి ఎవరో లోపలే పొడిచి, షట్టర్ దించేసి పోయారు. ఆ వరస దుకాణాల వాచ్‌మన్‌ని పోలీసులు పట్టుకెళ్ళారు. అతన్ని అందరం 'సగం సెల్యూట్' అనేవాళ్ళం. ఎప్పుడో నిచ్చెన మీంచి పడి రెండు భుజాలూ పాడైపోయాయి పాపం. ఎవరైనా పెద్దమనిషి వస్తే సెల్యూట్ కొట్టబోయేవాడు, చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయేది. విచారణ మొదలవక ముందే జైల్లో జ్వరమొచ్చి చచ్చిపోయాడు. "మనిషే లేడు, ఇంకా కేసేంటమ్మా?" అన్నారు స్టేషన్‌లో.

అక్క అడిగేది ఒక్కటే మాట. "వాడేనా?" స్టేషన్‌లో అడిగింది, కోర్టు మెట్ల మీద ప్లీడర్లని అడిగింది, అన్నం వడ్డిస్తూ నన్నూ అడిగింది. నాకేం తెలుసు? నా భయం నాది. మా అమ్మాయి అదే వరసలో జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. వాడే అయితే సరే, పీడ వదిలింది. కాకపోతే? ఆ చేసినవాడు మా వీధిలోనే టీ తాగుతూ ఉండొచ్చు. అమ్మాయి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, నా మనసులో ముందు దానికి కరెంటు షాకు కొడుతుంది, తర్వాత లారీ గుద్దుతుంది, ఆ రెండూ కాకపోతే వాడు.

అందుకే స్పెషల్ ఆఫీసర్ గారి జీపు గుమ్మం ముందు ఆగగానే "అమ్మాయికేమైంది?" అని అరిచాను.

"ఏమీ కాలేదమ్మా. మీ అక్కగారికి క్లోజర్ తెచ్చాం."

"అంటే ఏంటి సార్?"

"గుండెల్లో భారం దిగిపోవడం. విదేశాల్లో దీనికి డాక్టర్లుంటారు. మన దగ్గర నేనున్నాను."

అక్క లోపల్నించి వచ్చి, "వాడేనా సార్?" అంది.

"అదే కళ్ళకి కట్టినట్టు చూపిస్తామమ్మా! టౌన్ హాల్లో, మంత్రిగారి ఎదురుగా మొత్తం విచారణ. రిటైరైన జడ్జిగారు, ప్లీడరు, బోను, అన్నీ. నిందితుడొక్కడే లేడు కాబట్టి ఆ స్థానంలో మా శాఖ మనిషిని నిలబెడతాం."

"ఎవరో ఒకరినా?" అన్నాను.

ఆయన కాస్త నొచ్చుకున్నారు. "మా పనితనం మీకు తెలియదు. ఎత్తు, ఒళ్ళు, మీసం, అన్నీ అచ్చం అతనివే. ఆ భుజాలు దొరకడానికే నానా తంటాలు పడ్డాం. ఆఖరికి మా ఆఫీసు తోటమాలి ఉన్నాడు. కొమ్మలు నరుకుతూ చెట్టు మీంచి పడ్డాడు. ఏం అదృష్టం చూడండి!"

"ఎవరి అదృష్టం సార్?"

"పథకానిది. షట్టర్ కూడా ఒరిజినలే. మీ దుకాణంలోంచి ఊడదీసి తెప్పిస్తున్నా."

ఇంత శ్రద్ధ ఉన్న అధికారులు బతికున్నవాళ్ళ కేసుల్లో ఎందుకు దొరకరో అని ఆశ్చర్యపోయాను.

టౌన్ హాలు కిటకిటలాడింది. వేదిక మీద ఇనప చట్రానికి మావాడి షట్టర్ బిగించారు. దాన్ని చూడగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. మా ముందే బోను. అందులో తోటమాలి వణుకుతూ నిలబడ్డాడు. వంగి మెల్లగా, "అమ్మగారూ, ఇది అయిపోయాక నన్ను ఇంటికి పంపేస్తారు కదా?" అని అడిగాడు.

"ఏమో బాబూ, ముందే గట్టిగా అడిగి ఉండాల్సింది" అన్నాను. ఉన్న రంగు కాస్తా పోయింది మనిషికి.

ప్లీడరు గొంతు సవరించుకుని, నిందితుడు పగబట్టి పొడిచాడనీ, షట్టర్ దించి పారిపోయాడనీ చదివాడు. "దించి చూపించు!" అన్నారు ఆఫీసర్.

తోటమాలి చేతులెత్తాడు. ఛాతీ దగ్గర ఆగాయి. మునివేళ్ళ మీద లేచాడు. ఎగిరాడు. షట్టర్ అంచు అక్కడే, చేతులు ఇక్కడే. స్టూలు వేశారు, అది ఎక్కినా అంచు ఇంకా తల ఎత్తునే ఉంది, చేతులు ఛాతీ దాటందే లాగడం ఎలా? హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మంత్రిగారి మొహం మాడిపోయింది.

ఆఫీసర్ గారు తొణకలేదు. "సార్, ఆ రోజు నిందితుడు ఆవేశంలో ఉన్నాడు. ఆవేశంలో చేతులు వాటంతటవే లేస్తాయి."

"అయితే ఆవేశం తెచ్చుకోవయ్యా!" అని మంత్రిగారు గర్జించారు.

తోటమాలి కళ్ళెర్రజేశాడు. పళ్ళు నూరాడు. మెడ నరాలు కూడా పొంగాయి. చేతులు మాత్రం ఛాతీ దగ్గరే ఉన్నాయి.

అక్క లేచి నిలబడింది. "అయితే వాడు కాదన్నమాట."

గట్టిగా కూడా అనలేదు. అయినా హాలంతా వినబడింది. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మంత్రిగారూ ఆఫీసరూ చెవులు కొరుక్కున్నారు. తర్వాత మంత్రిగారు మైకు అందుకుని, "ఈ తల్లి మనసులో అనుమానం మిగలడం నేను సహించను. వెంటనే నిందితుణ్ణి మార్చండి!" అన్నారు. నిర్ణయాలు తీసుకోవడమంటే అదీ.

తోటమాలిని దించి, తలుపు దగ్గరున్న కానిస్టేబుల్‌ని ఎక్కించారు. ఆజానుబాహువు. "ఇతను నిన్ననే వేరే ఊరినుంచి బదిలీ అయి వచ్చాడు. మీ వీధి ఏ దిక్కునుందో కూడా ఎరగడు. పక్షపాతానికి చోటే లేదు!" అని ఆఫీసర్ గారు వివరించారు.

కానిస్టేబుల్ షట్టర్ అందుకుని లాగాడు. మూరెడు దిగి బిగుసుకుపోయింది. ఇక ఊడి ముందువరసలో ఉన్న మా మీదే పడుతుందనుకుని అక్కని పక్కకి లాగాను. అతను మాత్రం కంగారుపడలేదు. కుడిపక్క పట్టీని మడమతో రెండుసార్లు తన్ని, షట్టర్‌ని ఒక్క పిసరు పైకెత్తి వదిలాడు. దడదడమని నేల దాకా దిగిపోయింది.

హాలు చప్పట్లతో మోగిపోయింది. తోటమాలి కూడా కొట్టాడు, ఛాతీ దగ్గరే. "చూశారా, దించగలడు! నేరం రుజువైంది!" అన్నారు మంత్రిగారు. జడ్జిగారు దోషి అని తీర్పు చెప్పేశారు.

అక్క చప్పట్లు కొట్టలేదు. "అలా తన్ని పైకెత్తాలని మావాడు ఎన్నిసార్లు చూపించినా నాకు పట్టుబడేది కాదే" అంది నాతో.

"పోలీసు ట్రైనింగ్ అక్కా. చూడగానే పట్టేస్తారు" అని సర్దిచెప్పాను.

ఆఫీసర్ మైకు తెచ్చి అక్క నోటి దగ్గర పెట్టారు. "ఇప్పుడు శాంతి కలిగిందామ్మా?" అక్క వేలెత్తి కానిస్టేబుల్ వైపు చూపించి నోరు తెరిచింది. ఆయన చటుక్కున మైకు వెనక్కి తీసుకుని, "ఆనందంతో మాట రావడం లేదు. కృతజ్ఞతలు అతనికే చెప్పమంటున్నారు!" అని ప్రకటించారు. మళ్ళీ చప్పట్లు.

పొంగిపోయిన మంత్రిగారు అక్కడికక్కడే ఇంకో వరం ఇచ్చారు. ఆ వీధి ఆడపడుచులు నిశ్చింతగా ఉండాలట. ఆ వరస దుకాణాల కాపలా రేపట్నించి ఈ కానిస్టేబుల్‌కే.

అతను వేదిక దిగి తిన్నగా మా దగ్గరికే వచ్చాడు. ఎంత వినయం! నడుం వంచి మరీ దణ్ణం పెట్టాడు.

"ఇంక భయపడకండమ్మా. జిరాక్స్ షాపులో కిటికీ పక్కన కూర్చునేది మీ అమ్మాయే కదా? పాపం, రోజూ షట్టర్ దించలేక అవస్థ పడుతుంటుంది. రేపట్నించి నేను దించుతాలెండి."