కిటికీ వైపు తిరిగిన బట్టలు

స్టోర్‌కీపరుగారు ఆ రోజు సెలవు పెట్టింది విశ్రాంతి కోసం కాదు, బట్టల బీరువా అంతు చూడటానికి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ బీరువా ఇద్దరినీ ఏడిపిస్తూనే ఉంది. తలుపు తీస్తే ఏదో ఒక స్వెటరు వచ్చి మీద పడేది, మూయాలంటే భుజంతో నెట్టాలి. భార్య బళ్ళో పాటల టీచరు. ఆమెకు ఉద్యోగంలో ఇదే ఆఖరి రోజు, సాయంత్రం బడి హాల్లో వీడ్కోలు సభ. ఇక ఇంటిపట్టునే ఉండబోయే మనిషికి గాలాడే బీరువా కంటే గొప్ప కానుక ఏముంటుందని ఆయన లెక్క.

ఆమె గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "మధ్యాహ్నం వచ్చేస్తానండీ. బట్టలు మార్చుకుని మళ్ళీ సభకి వెళ్ళాలి. ఈలోపల అక్క వస్తుంది, కాస్త కనిపెట్టుకుని ఉండండి," అంది.

"నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా. అన్నీ నేను చూసుకుంటాగా," అన్నాడు. సాయంత్రం ఏం వేసుకుంటావని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

యంత్రాల విడిభాగాల గోడౌనులో ఆయన మాటంటే మాటే. చాలాకాలంగా అరలోంచి కదలని సామాను ఏదైనా సరే, బయటికి పోవలసిందే. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాడు. చలి మొదలైన రోజుల్లో ఒక ఆదివారం, హ్యాంగర్లకున్న బట్టలన్నిటి ముఖాలూ కిటికీ వైపుకి తిప్పాడు. తన కోటు ఒకటి తీసి మళ్ళీ తగిలిస్తే, దాని ముఖం గది తలుపు వైపుకి తిరిగింది. చెయ్యి అలాగే పోతుంది మరి. అంటే వేసుకున్న బట్ట తలుపు వైపు చూస్తుంది, ముట్టుకోనిది కిటికీ వైపే చూస్తూ ఉండిపోతుంది. భార్య బట్టలు ముందే కిటికీ వైపు ఉన్నాయి. పని సగం తగ్గిందని సంతోషించాడే తప్ప, ఎందుకలా ఉన్నాయని ఆలోచించలేదు. ఆమెకు ఈ పరీక్ష సంగతి చెప్పనూ లేదు. చెబితే జాగ్రత్తపడుతుందని ఆయన అనుమానం.

ఇప్పుడు ఎండలు వచ్చాయి. బీరువా తెరిచి చూస్తే ఆయనవి దాదాపు అన్నీ తలుపు వైపు తిరిగి ఉన్నాయి. ఆమెవి మాత్రం ఒక్కటి కూడా కదల్లేదు, అన్నీ కిటికీ వైపే.

"ఔరా, ఒక్కటంటే ఒక్కటి ముట్టుకోలేదే," అని పైకే అనుకున్నాడు.

ఆకుపచ్చ స్వెటరు చేతికి వచ్చినప్పుడు మాత్రం కాస్త తటపటాయించాడు. దాన్ని ఎక్కడో చూసినట్టే ఉంది. ఈ బీరువాలోనే చూసి ఉంటానని సర్దిచెప్పుకుని సంచిలో కుక్కాడు. దాని వెనకే నీలం వానకోటు, పూల డ్రస్సు, తెల్ల శాలువా, మెరూన్ డ్రస్సు, అన్నీ సంచుల్లోకి వెళ్ళాయి. చివరికి బీరువాలో ఆయన బట్టలూ, బోలెడంత చోటూ మిగిలాయి. వెనక్కి జరిగి చూసుకుని ఆయన మురిసిపోయాడు.

బస్టాపు పక్కన పాత బట్టల దుకాణం ఉంది. జనం ఊరికే ఇచ్చిన బట్టలు అమ్మి, ఆ డబ్బుతో అనాథ పిల్లల్ని చదివిస్తారు. దుకాణం చూసుకునే ఆవిడ సంచుల్లోకి తొంగి చూసి, అన్నీ ఉతికి శుభ్రంగా ఉండటం గమనించి, గొంతు తగ్గించింది.

"మీ ఆవిడవా అండీ?"

సంచులు మోసుకొచ్చిన ఆయాసంలో నోట మాట రాక ఆయన తల ఊపాడు.

"అన్నీ ఇచ్చేస్తున్నారా? ఒక్కటైనా దాచుకోలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్ళలోకి చెమట కారితే తుడుచుకున్నాడు. ఆవిడ చటుక్కున చేతులు జోడించి, "ధైర్యంగా ఉండాలి బాబుగారూ," అంది. బీరువా సర్దుకోవడానికి ఇంత ధైర్యం ఎందుకో ఆయనకు బోధపడలేదు. ఈ ఊళ్ళో మర్యాద తెలిసిన మనుషులు ఇంకా ఉన్నారనుకుంటూ ఇంటికొచ్చాడు.

పదకొండింటికి భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, ఖాళీగానే ఉన్నారుగా. నా మెరూన్ డ్రస్సు కాస్త ఇస్త్రీ చేసి పెడతారా? స్టేజీ ఎక్కాలి."

"ఏ మెరూన్ డ్రస్సు?"

"నాకెన్ని ఉన్నాయని? ఏటా పాటల పోటీకి వేసుకునేదే. ఆఖరిసారి కూడా దాంతోనే ఎక్కాలని దాచుకున్నాను."

ఏటా ఆ పోటీకి ఆయన వెళ్ళేవాడు. ముందు వరసలోనే కూర్చునేవాడు. కూర్చున్నాక నిద్రపోయేవాడు. ఫోన్ పెట్టేసి, వేసుకున్న చెప్పులు ఏ జతవో కూడా చూసుకోకుండా దుకాణానికి పరిగెత్తాడు.

"అమ్మా, ఇందాక ఇచ్చిన బట్టలు వెనక్కి కావాలి," అన్నాడు.

ఆవిడ జాలిగా చూసి కుర్చీ వేసింది. "మొదట్లో అందరూ ఇలాగే వస్తారండీ. ఇచ్చేసి వెళ్తారు, ఇంటికెళ్ళాక మనసాగదు. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళు వద్దమ్మా. మెరూన్ డ్రస్సు ఒక్కటి ఇస్తే చాలు."

"దాన్ని చూసుకుంటూ కూర్చుంటే ఆవిడ తిరిగొస్తుందా, చెప్పండి?"

"వస్తుంది. మధ్యాహ్నం వస్తుంది," అన్నాడాయన, ఏడుపు గొంతుతో.

ఆవిడ కంగారుపడి లోపలున్న ఇంకొకావిడని పిలవబోయింది. తన భార్య నిక్షేపంలా బతికే ఉందనీ, బళ్ళో పాఠం చెబుతోందనీ ఆయన ఒట్టేసి చెప్పవలసి వచ్చింది. ఇందాక ఆయనకు జోడించిన చేతుల్ని ఆవిడ ఇప్పుడు నడుము మీద పెట్టుకుంది.

"అయితే బతికున్న మనిషి బట్టలన్నీ ఇచ్చేశారా? ఆవిడకి తెలుసా?"

తెలియదు. తెలిసినా ఇప్పుడు చేసేదేమీ లేదు. పోయినావిడ బట్టలు కదా, మంచి ఇంటికి చేరాలని ఈవిడ వాటిని దుకాణం ముందు వరసలో పెట్టిందట. పెట్టిన కాసేపటికే ఎవరో ఒకావిడ వచ్చి, వెతకబోయిన తీగ కాలికి తగిలిందని సంబరపడి, మొత్తం కొనుక్కుపోయిందట. ఏదో నాటకానికట. ఏ నాటకమో, ఎక్కడో ఈవిడ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి వదినగారు, అంటే భార్యకు అక్క, తాళం వేసిన గుమ్మం ముందు పెట్టె మీద కూర్చుని ఉంది. లోపలికి రాగానే పెట్టెలోని బట్టలు తగిలించడానికి బీరువా తెరిచింది.

"మరిదీ, మా చెల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయిందా?"

"లేదు వదినగారూ. సర్దాను."

"సర్దావా, ఊడ్చేశావా?"

అంతలోనే భార్య వచ్చింది. బట్టల నిండా సుద్దముక్కల దుమ్ము, చేతిలో పిల్లలిచ్చిన పూలు. నవ్వుతూ వచ్చి బీరువా ముందు ఆగింది. ఆయన తప్పు ఒప్పేసుకున్నాడు. ఒప్పుకుని ఊరుకుంటే పోయేది, తన పద్ధతి గురించి కూడా వివరించాడు.

"నువ్వు చలికాలం నుంచీ ఒక్కటి కూడా వేసుకోలేదు కదా. అన్నీ కిటికీ వైపే ఉన్నాయి."

"మరి ఇన్నాళ్ళూ నేను ఏం వేసుకుని బడికి వెళ్తున్నాననుకున్నారు?"

ఆమె పూలు పక్కన పెట్టి, ఖాళీ హ్యాంగరుకి ఆయన చొక్కా ఒకటి తొడిగి, ఎడమ చేత్తో పట్టుకుని తగిలించింది. చొక్కా కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

"నాది ఎడమ చెయ్యండీ," అంది మెల్లగా.

ఆ సంగతి ఆయనకు తెలియదా? పెళ్ళైన నాటి నుంచీ పక్కపక్కన కూర్చుని తింటుంటే ఆమె ఎడమ మోచెయ్యి ఆయన కుడి మోచేతికి తగులుతూనే ఉంది, ఆయన విసుక్కుంటూనే ఉన్నాడు. తెలిసిన విషయమే, సమయానికి అక్కరకు రాలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. ఆమె తిట్టలేదు. వదినగారి బట్టల్లో ఇద్దరు చెల్లెళ్ళు పడతారు కాబట్టి ఆ దారీ లేదు. సుద్ద దుమ్ము దులుపుకుని, కట్టుకున్నవాటితోనే సభకు బయల్దేరింది.

హాలు కిటకిటలాడుతోంది. ఆయన అలవాటుగా ముందు వరసలో కూర్చున్నాడు కానీ, ఆ రోజు నిద్ర దగ్గరికి రాలేదు. నాటకాల టీచరు మైకు ముందుకొచ్చి, "మా పాటల టీచరుగారి మీద పిల్లలు చిన్న నాటిక వేస్తారు. అచ్చం ఆవిడ బట్టల్లాంటివే ఇవాళ మాకు అదృష్టవశాత్తూ దొరికాయి," అంది.

తెర లేచింది. నీలం వానకోటు వచ్చింది. హాల్లో ఈలలు. "వాన రోజు టీచర్," అని వెనక నుంచి ఒక పిల్ల అరిచింది. పూల డ్రస్సు వస్తే "తనిఖీ రోజు" అన్నారు. ఆకుపచ్చ స్వెటరు రాగానే, "గొంతు బాలేని రోజు, పలక మీద రాసి నేర్పింది," అని ఒక వరస వరసంతా నవ్వింది. తెల్ల శాలువాకి పక్కనున్న ప్యూను సైతం చప్పట్లు కొట్టి, "మా అమ్మాయి జ్వరంగా ఉంటే దాంట్లోనే చుట్టి ఇంటికి తీసుకొచ్చారండీ," అన్నాడు. చివరికి మెరూన్ డ్రస్సు నేల మీద ఈడ్చుకుంటూ అందరికంటే చిన్న పిల్ల వచ్చింది. పిల్లలంతా, పాట నేర్పేటప్పుడు టీచరు చేసినట్టే, చిన్న కర్రలు ఎత్తి గాల్లో తాళం వేయడం మొదలుపెట్టారు. ఒక్కరు కూడా పొరపాటున కుడి చెయ్యి ఎత్తలేదు.

హాలంతా పడీ పడీ నవ్వుతోంది. స్టోర్‌కీపరుగారు మాత్రం నవ్వలేకపోయాడు. ఈ పిల్లలందరికీ తెలిసిన మనిషితో తాను ఇన్నేళ్ళు కాపురం చేశాడు. ఆ బట్టలన్నీ ఆయన కళ్ళ ముందే తిరిగాయి, ఆయనే చూడలేదు. తల తిప్పితే భార్య నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది.

సభ అయ్యాక ఆయన నాటకాల టీచరు దగ్గరికి వెళ్ళి బట్టలు వెనక్కి అడగబోయాడు. భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి. వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. వాళ్ళకి వాటితో పని ఉంది."

వదినగారు ముందు నడుస్తుంటే ఇద్దరూ వెనక మెల్లగా ఇంటి దారి పట్టారు. వీధి మలుపులో ఆమె ఆగింది.

"ఒకసారి కళ్ళు మూసుకోండి."

ఆయన మూసుకున్నాడు.

"ఇప్పుడు నేనేం వేసుకున్నాను?"

"సుద్ద దుమ్ము ఉన్నది," అన్నాడు చివరికి.

"రంగు?"

ఆయనకు మూసిన కళ్ళు తెరవాలంటే కూడా సిగ్గేసింది.

"పోనీలెండి," అంది ఆమె, నడక సాగిస్తూ. "ఇక నాకున్నది ఇదొక్కటే కదా, మెల్లగా గుర్తుపడతారు."