టిఫిన్ డబ్బా దిగ్విజయం

అఖండ భూమండల మధ్యమున, అపార్ట్‌మెంటు మూడవ అంతస్తున, లిఫ్టు పనిచేయని పుణ్యకాలమున, కుక్కరు మూడవ విజిలు వేసి మిన్నకున్న శుభముహూర్తమున, ఒకప్పుడు పడకగదిగా ప్రసిద్ధికెక్కి, ఇప్పుడు అట్టపెట్టెలతో, టేపు చుట్టలతో, పైకప్పు నంటిన స్టీలు టిఫిన్ డబ్బాల వరుసలతో నిండి, మనిషన్నవాడు పక్కకు తిరిగి నడవవలసిన ఆ వాణిజ్య సామ్రాజ్య రాజధానియందు, ఒక ఫోను మ్రోగెను. దాని నెత్తినవాడు మహావీరుడు, వాగ్వాద ధురంధరుడు, పరదోషాన్వేషణ పారంగతుడు, స్వదోష దర్శనమున మాత్రము జన్మాంధుడు. ఎవరబ్బా అని కంగారు పడకండి, నేనే. ఈ బిరుదులు తగిలించడానికి ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో ఆ పని కూడా నేనే చేసుకుంటున్నాను.

ఈ సామ్రాజ్యానికి ఏలిక నా భార్య. స్కూల్లో గుమాస్తా ఉద్యోగం వదిలేసి, నాలుగు నెలల కిందట ఆన్‌లైన్లో టిఫిన్ డబ్బాలు అమ్మడం మొదలుపెట్టింది. సరుకు ఎంచేది తను, ఫొటోలు తీసేది తను. పెట్టెలు కట్టడం, కస్టమర్ల ఫోన్లకు జవాబు చెప్పడం నా వంతు. అనగా, డబ్బా గడప దాటే చోటా, మాట గడప దాటే చోటా కాపలా ఉన్నది ఈ అసహాయశూరుడే.

ఆ రోజు ఫోన్ చేసినావిడ సిటీ బస్సు డ్రైవరు.

“బాబూ, మీ డబ్బా కారుతోందయ్యా. రెండ్రోజుల్నించీ కూరంతా నా యూనిఫాం మీదే,” అంది.

అంతట రోషారుణ నేత్రుడనై, కుర్చీలోనుండి సగము లేచి, బల్లకు మోకాలు తగిలినను లెక్కచేయక, మేఘగంభీర స్వరమున నేనిట్లు గర్జించితిని: “అమ్మా! అది కారని డబ్బా. కారదని మా పేజీలోనే రాసుంది. కారిందంటే మీకు మూత పెట్టడం రావట్లేదన్నమాట! కుడివైపుకి తిప్పాలి, ఎడమకి కాదు. కాస్త చూసుకుని వాడండి.”

 ఆవిడ “సరేనయ్యా, ఉంటాను” అని పెట్టేసింది.

శత్రువు పలాయనము చిత్తగించెనని పొంగిపోతిని. ఫిర్యాదుల పుస్తకం తెరిచి ‘కస్టమర్‌కు అవగాహన కల్పించడమైనది’ అని రాసి, కింద గీత కూడా గీసి, ఈమధ్యే ప్యాకింగ్ బల్ల మీద దొరికిన మందపాటి రబ్బరు బ్యాండును పుస్తకానికి బిగించి, టీ తాగడానికి వెళ్లాను.

మరునాడు, గగనమున అసంఖ్యాక నక్షత్రములుండగా, మా దుకాణపు పేజీయందు మాత్రము ఒకే ఒక్క నక్షత్ర ముదయించెను. దాని కింద ఇలా ఉంది: “డబ్బా కారుతోంది. చెబితే ఫోనెత్తిన మనిషి నాకే పాఠం చెప్పాడు. కొనకండి.”

మూడు రోజులు ఒక్క ఆర్డరు లేదు. నాలుగో రోజు నా భార్య వచ్చి ఎదురుగా ఒక అట్టపెట్టె మీద కూర్చుంది.

“ఏమన్నావు ఆవిణ్ణి?”

“ఏమీ అనలేదే. వివరించానంతే.”

“నీ వివరణ నాకు తెలీదా? పన్నెండేళ్లుగా వింటున్నా.” చేతికందిన టేపు చుట్టను పక్కకి నెట్టింది. “మళ్లీ వెళ్లి ఆ గుమాస్తా కుర్చీలో కూర్చోనా? చెప్పు. వాళ్లని బతిమాలుకుంటే తీసుకుంటారేమో.” అట్టపెట్టె మీంచి లేచింది. “ఆవిడ నవ్వేదాకా నువ్వు ఈ గదిలో నవ్వకు. లేదంటే రేపట్నించీ ఫోను మా అమ్మకిచ్చేస్తా.”

“ఇచ్చెయ్యవే,” అంది వంటింట్లోంచి మా అత్తగారు. “అల్లుడుగారికన్నా నయంగానే మాట్లాడతాలే.”

ఇట్లు ఉభయపార్శ్వముల ముట్టడింపబడిన వాడనై, ఆ డ్రైవరమ్మకు మరింత వివరముగా వివరింపవలెనను దుష్టసంకల్పముతో, నంబరు కొరకు ఫిర్యాదుల పుస్తకము నందుకొని, రబ్బరు బ్యాండు నూడదీసితిని. ఊడదీసి, ఎందుకో దానికేసి చూశాను. రబ్బరు బ్యాండుకు లోపల గాడి ఎందుకుంటుంది? పక్కనున్న కొత్త డబ్బా మూత విప్పి చూస్తే అచ్చం అలాంటిదే మూత అంచున కూర్చుని ఉంది. కూర కారకుండా ఆపే రింగు!

 మూతలు తుడవడానికి రింగులన్నీ తీసి, ఫోన్లో ఇంకెవరితోనో వాదిస్తూ మళ్లీ బిగించిన రోజు గుర్తొచ్చింది. ఒక డబ్బాకు మరిచాను. మిగిలిన రింగుతో ఆవిడ ఫిర్యాదునే కట్టి పెట్టాను.

అప్పుడు నా హృదయ రణరంగమున ఘోరయుద్ధము చెలరేగెను. ఒకవైపు సర్వాయుధ సమన్విత అహంకార సేన: “కంపెనీ మీదకి తోసెయ్యరా! స్టాకే అలా వచ్చిందని చెప్పు, ఎవడు చూశాడు?” రెండవవైపు నిరాయుధ, ఏకాకి, జ్వరపీడిత మనస్సాక్షి. అది ఓడిపోయేదే. కానీ తలుపు సందులోంచి చూస్తే, నా భార్య సొరుగులోంచి పాత స్కూలు గుర్తింపు కార్డు తీసి కొంగుతో తుడుస్తోంది. నాకు సిగ్గేసింది. రింగు జేబులో వేసుకుని, ఆవిడ ఆర్డరులో ఉన్న బస్సు డిపో చిరునామా రాసుకుని మెట్లు దిగాను.

మధ్యాహ్న భోజనవేళ, డీజిలు ధూమ ధూసరితమగు బస్సు డిపోయందు, రేకుల కప్పు కింద నలుగురు కండక్టర్ల నడుమ ఆవిడ అదే డబ్బా ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. మూత మీద పాలిథీన్ కవరు చుట్టి, దారం కట్టింది. దారిపొడవునా కంఠస్థము గావించిన నా మహోపన్యాసము, ఆ దారము చూడగానే ఆవిరయ్యెను.

“అమ్మా... డబ్బాలు అమ్మేది మేమేనండి. ఫోన్లో... అది నేనే. తప్పు నాదేనండీ. రింగు పెట్టడం మరిచిపోయాను.”

ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి మూడంతస్తులు దిగినదానికన్నా ఎక్కువ ఆయాసం వచ్చింది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “డబ్బా కారినందుకు కాదయ్యా నాకు మండింది. వస్తువన్నాక ఏదో అవుతుంది. పాతికేళ్లుగా బస్సు స్టీరింగు తిప్పుతున్నదాన్ని. నాకు మూత తిప్పడం రాదన్నావు చూడు, అక్కడ కాలింది.”

కండక్టర్లు ఘొల్లుమన్నారు. నేను రింగు బిగించాను. డ్రైవరమ్మ డబ్బా కడిగి, నిండా నీళ్లు పోసి, మూత తిప్పింది. కుడివైపుకే తిప్పింది, నాకేసి చూస్తూ.

“కూర్చో. తలొంచు.”

బల్ల మీద ఆసీనుడనైతిని. నా శిరస్సుపై జేనెడెత్తున ఆ వీరనారి డబ్బాను తలకిందులుగా పట్టుకొనెను. ఒక కండక్టరు అంకెలు లెక్కబెట్టసాగెను. పది! ఇరవై! ముప్పది! నలభై మూడవ అంకెయందు, అయ్యో, నా ముక్కుపై ఒక బిందువు టప్పున రాలెను!  అయిపోయాను, ఇంటికెళ్లి మా ఆవిడకి ఏం చెప్పను అనుకున్నాను. కండక్టరు వంగి డబ్బా మూత తడిమి చూశాడు, తర్వాత నా నుదురు చూశాడు.

“అక్కా, మూత పొడిగానే ఉంది. ఇది ఈయన చెమట!”

డ్రైవరమ్మ పకపకా నవ్వింది. అంత నవ్వు వస్తుందని ఆవిడకే తెలియనట్టుంది, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నా భార్య పెట్టిన షరతు తీరింది కనుక నేనూ నవ్వాను.

సాయంత్రానికి పేజీలో ఒక నక్షత్రము మూడయ్యెను. “డబ్బా కారడం లేదు. మనిషి వచ్చి తప్పు ఒప్పుకున్నాడు” అని ఉంది. మర్నాడు కండక్టర్ల నుంచి నాలుగు ఆర్డర్లు వచ్చాయి. వారం తిరిగేసరికి డిపోలో సగం మంది మా డబ్బాలో తింటున్నారు. కూతురి కోసమని డ్రైవరమ్మ ఇంకొకటి తీసుకుంది.

“అన్నీ చేసి మూడే ఇచ్చిందేం?” అంది నా భార్య. నేను ఫోన్ చేసి, మెత్తగా అడిగాను.

“రెండు స్టార్లు నా దగ్గరే ఉంచానయ్యా,” అంది ఆవిడ. “ఈసారి ఏదైనా పాడైతే ఫోనెలా ఎత్తుతావో చూసి వేస్తా.”

కావున లోకులారా, వినుడు! ఏకనక్షత్ర మహాగ్రహపీడ తొలగెను, స్వేదబిందువు నిర్దోషియని తేలెను, అర్ధాంగుళమైనను మందము లేని రబ్బరు రింగు తన మూతను చేరెను. ఇది నా దిగ్విజయము. ఫిర్యాదుల పుస్తకానికి ఇప్పుడు రబ్బరు బ్యాండు లేదు. దాన్ని కట్టుకోమని నా భార్య తన స్కూలు గుర్తింపు కార్డు తాడు విప్పి ఇచ్చింది.