మట్టం మేస్త్రీ ఇంటి నేల

ఆ రోజు ఉదయం మట్టం మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆయన కట్టిస్తున్న కొత్త ఆసుపత్రికి నేల పరిచే పని ఖాయం చేసుకుని రావాలి. ఆ పని కోసం ఇంకా చాలామంది మేస్త్రీలు డాక్టరు చుట్టూ తిరుగుతున్నారు. అయినా ఆయన ఈయన్నే రమ్మన్నాడంటే కారణం పేరు. ఈయన పరిచిన నేల మీద ఎక్కడ రసమట్టం పెట్టినా, గాజుగొట్టంలోని బుడగ నడిమధ్యన కూర్చుని ఇక కదలదని అందరూ చెప్పుకునేవారు. అలా "మట్టం మేస్త్రీ" అన్న పేరు అతుక్కుపోయి, అసలు పేరు అడిగితే ఆయనే ఓ క్షణం ఆలోచించాల్సి వచ్చేది. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

"మెషీన్ వేసి వెళ్తున్నాను, కాస్త కన్నేసి ఉంచండి" అని చెప్పి భార్య కూరలకి బయల్దేరింది.

బట్టలుతికే మెషీన్ కొత్తది. కొత్తదాని మీద కన్నెందుకని మేస్త్రీ స్నానాల గదిలోకి వెళ్ళాడు. ఒంటికి సబ్బు పట్టించాడో లేదో, వెనక వసారాలో ఎవరో ఖాళీ పీపాలు దొర్లిస్తున్నట్టు చప్పుడైంది. తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి మెషీన్ వసారాలో లేదు. బట్టలు పిండే ఊపులో గెంతుకుంటూ వంటింట్లోకి వచ్చేసింది. కొళాయి దగ్గర గొట్టం ఊడి నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. మేస్త్రీ "ఆగు, ఆగు" అంటూ కూలివాణ్ణి గదమాయించినట్టు గదమాయించాడు. అది ఆగలేదు సరికదా, గాజుసామాను అలమారాని ఒక్క పోటు పొడిచి, అందులోవన్నీ నేలపాలు చేసి, ప్లగ్గు ఊడాక గానీ శాంతించలేదు. ఆయన సబ్బు కళ్ళతో తడుముకుంటూ కొళాయి కట్టేలోపు నీళ్ళు హాలు దాటి, పడకగదిలోని చెక్కబీరువా కాళ్ళు కడుగుతున్నాయి.

భార్య కూరల సంచీతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కన్నేసి ఉంచమన్నాను కదండీ."

"వేశాను. అది నా మీదికే వచ్చింది."

కాసేపటికి బీరువా అడుగు చెక్క ఉబ్బి, తలుపులు బిగుసుకుపోయాయి. ఇస్త్రీ చొక్కా బీరువాలో ఉంది. మిగిలిన చొక్కాలు మెషీన్‌లో ఉన్నాయి. సిమెంటు మరకల ప్యాంటు, బనియను మాత్రం మేస్త్రీకి మిగిలాయి.

"పగిలిన సామానుకీ, పాడైన బీరువాకీ కంపెనీవాళ్ళే కట్టాలి. మనం ఊరుకుంటే వాళ్ళూ ఊరుకుంటారు. ఫోన్ చెయ్యండి" అంది భార్య.

మేస్త్రీ ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా అన్నీ విని, చివర్లో ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మీ ఇంట్లో నేల మట్టంగానే ఉందా సార్?"

"ఏమన్నావమ్మా?"

"నేల ఎగుడుదిగుడుగా ఉంటే మెషీన్ కదులుతుంది సార్. అప్పుడు మేం పరిహారం ఇవ్వం. మా మనిషి రేపొచ్చి చూస్తారు."

మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ క్షణం నుంచి ఆయనకి బీరువా గుర్తులేదు, గాజుసామాను గుర్తులేదు. "నా నేలని ఎగుడుదిగుడంటుందా" అన్న ఒక్క ముక్కే మిగిలింది. చొక్కా లేక డాక్టరు దగ్గరికి వెళ్ళలేకపోయాడు. కోపానికి చొక్కా అక్కర్లేదు కాబట్టి వీధిలోకి మాత్రం వెళ్ళాడు.

ముందు ఎదురింటి పంతులమ్మకి చెప్పాడు. తర్వాత టీ కొట్టులో చెప్పాడు. సెలూన్‌లో సగం గడ్డం గీయించుకుంటున్నవాళ్ళకి అద్దంలో చూస్తూ చెప్పాడు. "మట్టం మేస్త్రీ ఇంటి నేల వంకరట, వింటున్నారా" అని ఆయన చెబితే, విన్నవాళ్ళు విన్నంతవరకే గుర్తుపెట్టుకున్నారు. మధ్యాహ్నానికి నేల వంకరగా ఉంది. సాయంత్రానికి కుంగింది. దీపాలు పెట్టే వేళకి పళ్ళ డాక్టరు ఫోన్ వచ్చింది.

"మీ ఇంట్లో నేల కుంగిపోయిందటగా మేస్త్రీగారూ. పాపం, ముందు ఆ సంగతి చూసుకోండి. నా పని ఇంకెవరితోనైనా చేయించుకుంటాను."

"ఎవరన్నారు డాక్టరుగారూ?"

"అందరూ అంటున్నారు. మీరే చెప్పారట కదా."

పని పోతే ఇంకో పని వస్తుంది. ఈ పేరు పోతే ఆయన వట్టి మేస్త్రీ అయిపోతాడు, వట్టి మేస్త్రీలు ప్రతి సందులోనూ ఉన్నారు. నిజంగానే భయం వేసింది ఆయనకి. భయం వేసినప్పుడు గొంతు పెంచడం ఆయన అలవాటు.

"రేపు కంపెనీ మనిషి వస్తున్నాడు. మీరూ రండి. పదిమంది ముందు తేల్చేస్తాను."

"ఇది మన బీరువా గొడవండీ. ఊరందరూ ఎందుకు?" అంది భార్య.

"ఇది బీరువా గొడవ కాదు" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు పొద్దున్నే వీధి తలుపు బార్లా తెరిచాడు. పంతులమ్మ వచ్చింది, టీ కొట్టాయన వచ్చాడు, సెలూన్ ఆయన కత్తెర జేబులో పెట్టుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరు చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కంపెనీ తనిఖీదారు బక్కపల్చటి మనిషి, గొంతు కూడా పల్చన. ఇంతమందిని చూసి తప్పు ఇంటికి వచ్చానేమోనని ఒకసారి వెనక్కి నడిచాడు కూడా.

"రండి సార్, మీ మట్టమే పెట్టండి. నాది పెడితే నేనేదో మాయ చేశానంటారు" అని మేస్త్రీ ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

హాల్లో పెట్టారు. బుడగ మధ్యన. వంటింట్లో పెట్టారు. మధ్యన. జనం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెంట నడుస్తూ, బుడగ కూర్చున్నప్పుడల్లా తలలూపారు. చివరికి వసారాలో, మెషీన్ నిలబెట్టినచోట పెట్టారు. అక్కడా మధ్యనే.

"నీళ్ళు పోయే జాలీ వైపు కొంచెమైనా పల్లంగా వాటం లేదా?" అని తనిఖీదారు అడిగాడు.

"వెంట్రుకవాసి కూడా లేదు. రాసుకోండి."

తనిఖీదారు రాసుకున్నాడు. కలానికి మూత పెట్టి, అంతే పల్చటి గొంతుతో అన్నాడు. "నీళ్ళు వాడేచోట జాలీ వైపు వాటం ఉండాలి కదండీ. ఉండి ఉంటే గొట్టం ఊడినా నీళ్ళు జాలీలోకి పోయేవి, మీ బీరువా దాకా వచ్చేవి కావు. వాటం ఉంటే మెషీన్ కదిలినందుకు మీ నేలది తప్పు. లేదు కాబట్టి నీళ్ళు లోపలికొచ్చినందుకు మీ నేలది తప్పు. ఎలా చూసినా కంపెనీకి సంబంధం లేదు."

తలలూపినవాళ్ళు ఇప్పుడు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వసారాకి వాటం ఇవ్వాలని నిన్న పనిలో చేరినవాడికి కూడా తెలుసు. తన సొంత ఇంట్లో బుడగ మోజులో పడి ఆ సంగతే వదిలేశాడు మేస్త్రీ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరు చెప్పుల కోసం చూస్తున్నాడు.

అప్పుడు మేస్త్రీ భార్య చీపురు గోడకి ఆనించి ముందుకొచ్చింది.

"అయ్యా, మెషీన్ నిలబడాలంటే మట్టం ఉండాలి. నీళ్ళు పోవాలంటే వాటం ఉండాలి. రెండూ ఒకేచోట ఉండే నేల ఎలా వేస్తారో చెప్పండి, మావారు ఇప్పుడే వేస్తారు. మీరు బట్టలు ఉతికి చూపించి వెళ్ళండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తనిఖీదారు ఉక్రోషంగా, "దానికేగా అమ్మా మెషీన్ కాళ్ళకి మరలు పెట్టేది. నేల ఎలా ఉన్నా కాళ్ళు తిప్పి సర్దుకోవచ్చు" అన్నాడు.

"మరి పొద్దుట్నుంచీ నేలని విచారిస్తున్నారేం? కాళ్ళని విచారించండి."

మెషీన్ పక్కకి వంచి చూశారు. నాలుగు కాళ్ళలో ఒకటి మిగతావాటికంటే పైకి ఉంది. మెషీన్ పెట్టెలోంచి తీసినప్పటినుంచి దాని మరని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. తనిఖీదారు మొహం వాడిపోయింది.

"ఇది మా బిగించేవాడి తప్పే. మట్టం పెట్టి చూసుకోవాల్సింది. మీకు పరిహారం వస్తుంది లెండి. వాణ్ణి మాత్రం ఇవాళే ఇంటికి పంపిస్తాను."

వసారా అంతా ఒక్కసారి సందడి అయింది. సెలూన్ ఆయన మేస్త్రీ భుజం తట్టాడు. డాక్టరు చెప్పుల్లోంచి కాలు వెనక్కి తీశాడు. మేస్త్రీ ఊరికే నిలబడి ఉంటే సరిపోయేది. బీరువా వచ్చేది, పేరు నిలిచేది. కానీ మెషీన్ బిగించడానికి వచ్చిన నడివయసు మనిషి కళ్ళముందు మెదిలాడు. ఆయన సంచిలోంచి చిన్న మట్టం బయటికి తీయడం, ఆ తర్వాత జరిగినదీ అన్నీ మెదిలాయి.

"ఆయన్నేం అనకండి" అన్నాడు. "ఆయన మట్టం తీశాడు. నేనే లాక్కుని సంచిలో కుక్కాను. మట్టం మేస్త్రీ ఇంట్లో మట్టం పెట్టడానికి నీకెన్ని గుండెలన్నాను. ఆయన పాపం దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు."

సందడి ఆగిపోయింది. తనిఖీదారుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "కొనుక్కున్నవాళ్ళే అడ్డుపడితే కంపెనీకి బాధ్యత లేదండీ" అంటూ సంచీ సర్దుకోసాగాడు.

అందరూ మేస్త్రీ భార్య వైపు చూశారు. ఇప్పుడు మొగుణ్ణి కడిగేస్తుందనుకున్నారు. ఆమె తనిఖీదారుకి అడ్డంగా వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"రేపెవరైనా మా ఇంట్లో కరెంటు తీగలు చూడొద్దు, మా మావయ్య వేశాడు అంటే, చూడకుండా తగిలించేసి పోతారా? ఎవరో అరిచారని మీ కంపెనీ పద్ధతి మారిపోతుందా? మావారి అరుపులకి నేనే ఏనాడూ మారలేదు. అంత పెద్ద కంపెనీ, అది మారుతుందా? ఆ బిగించినాయన ఉద్యోగానికి ఏమీ కాకూడదు. మా బీరువాకి న్యాయం జరగాలి. రెండూ రాసి సంతకం పెట్టండి, తర్వాత దారి ఇస్తాను."

తనిఖీదారు గుమ్మం వైపు చూశాడు. ఆమె పక్కన పంతులమ్మ, పంతులమ్మ పక్కన టీ కొట్టాయన, ఆయన పక్కన కత్తెరతో సెలూన్ ఆయన నిలబడి ఉన్నారు. తనిఖీదారు కలం మూత తీశాడు.

అందరూ వెళ్ళాక కూడా డాక్టరు వెళ్ళలేదు. తల దించుకుని నిలబడ్డ మేస్త్రీ దగ్గరికొచ్చాడు.

"నా పళ్ళ కుర్చీ కింద నీళ్ళు పారక్కర్లేదు మేస్త్రీగారూ. బుడగ కదలకపోతే చాలు. వచ్చే వారం పని మొదలెట్టండి. ఒక్కటే షరతు. కుర్చీ బిగించేవాళ్ళు వచ్చిన రోజున మీరు ఆ ఛాయలకి రాకూడదు."

మేస్త్రీ ఇంకా ఆలోచిస్తూ ఉండగానే, ఆయన భార్య ఆ షరతుకి ఒప్పేసుకుంది.