నడిమధ్యన కృష్ణవేణమ్మ

ఆ రోజుకు కంబన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే గడ్డం గీయించుకోవాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. కడప బస్సులో వచ్చే కవర్ల కట్టను దించుకుని దాసన్న అంగడిలో అప్పజెప్పాలి. సాయంత్రం సభలో ముందు వరుసలో కూర్చుని, జనం తన బొమ్మను మెచ్చుకుంటూ ఉంటే, తనకేమీ పట్టనట్టు పైకప్పు వైపు చూడాలి. ఈ చివరి పని తేలిక కాదని ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన కూడా చేశాడు.

కంబన్న కర్నూలులో బోర్డులు రాసేవాడు, నాటకాలకు తెరలు రాసేవాడు. దాసన్నది గ్రామఫోన్ అంగడి. బనగానపల్లె కృష్ణవేణమ్మ ఊరూరా కృష్ణుడి వేషం కట్టి పద్యాలు పాడే మనిషి. ఆమె పద్యం ఎత్తుకుంటే పక్క ఊళ్లో బండెద్దులు కూడా ఆగేవని చెప్పుకునేవారు, ఆ బండ్లు తోలినవాళ్లే. మద్రాసులో కోడిపుంజు మార్కు కంపెనీవాళ్లు ఆమె చేత పాడించి ఒక గ్రామఫోన్ ప్లేటు వేశారు. ప్లేటుకు రంగుల బొమ్మతో కవరు ఉంటే బాగా అమ్ముడుపోతుందని దాసన్నకు తోచింది. "కవరు మీరే వేయించుకోండి, కొలతలూ, కవరు కోసే అచ్చూ మేం పంపుతాం" అంది కంపెనీ. బొమ్మ రాసే పని కంబన్నకు వచ్చింది. అచ్చు వేసే పని కడపలో ప్రెస్సు నడిపే ఏసేపుకు వెళ్లింది. ప్లేటు విడుదలకు కర్నూలులోనే సభ పెట్టారు.

బొమ్మ రాసే ముందు కృష్ణవేణమ్మ కంబన్నను పిలిపించుకుంది.

"కంబన్నా, కృష్ణుని మాదిరి రాయొద్దప్పా. నా మాదిరి రాయి."

"అట్లనే అక్కా. మరి కిరీటం?"

"కిరీటం వద్దు, నెమలీక వద్దు, ఆ నీలం రంగు అసలే వద్దు. ఇన్నేండ్లు ఆడితి. జనాలు కృష్ణున్ని చూస్తాండారు గానీ నన్ను చూడల్యా. తెల్లారి మొగం కడుక్కోని బస్సెక్కితే, రాత్రంతా చప్పట్లు కొట్టినోళ్లే 'జరుగమ్మా, జరుగు' అని నెడ్తాండారు. ఈ ఒక్క తూరన్నా కృష్ణవేణమ్మ మొగం ఇదీ అని నలుగురికీ తెలియాల. నడిమధ్య రాయి. పెద్దగా రాయి. నవ్వుతా ఉండాల."

వింటున్న కంబన్నకు కళ్లు చెమర్చాయి. అసలే నాటకం తెరలు రాసిన చెయ్యి, దానికి తోడు ఇప్పుడు గుండె కూడా కదిలింది. పట్టుచీర, కాసులపేరు, పూలజడ అన్నీ చుట్టూ పరిచి, కవరు నడిమధ్యన కృష్ణవేణమ్మ మొగాన్ని పున్నమి చంద్రుడంత గుండ్రంగా, ముప్పై రెండు పళ్లూ కనబడేలా రాశాడు. అది నిజంగానే మంచి బొమ్మ. ఆ మాట ఇక్కడే చెప్పడం న్యాయం, తర్వాత చెప్పడానికి వీలుండదు.

బస్సు వచ్చింది. పైన ఉన్న కట్టకు అడ్డంగా ఏదో పెద్ద గంప ఉంటే, కంబన్న ఆ గంపను కూడా తానే దించి ఒక వ్యాపారి తోపుడుబండిలో పెట్టించాడు. మంచి మనసున్న రోజున మనిషి ఇలాంటి పనులు చేస్తాడు. కట్టను అంగడికి మోయించుకొచ్చి దాసన్న ఎదుట తాడు విప్పాడు.

చీర ఉంది. కాసులపేరు ఉంది. పూలజడ ఉంది. మొగం ఉండవలసిన చోట గుండ్రటి కంత ఉంది.

"అన్నా, మొగం యాడ పోయింది?" అన్నాడు కంబన్న. రెండో కవరు తీశాడు. కంత. పదో కవరు తీశాడు. కంత. "ఎలకలు కొరికినట్లుండాదే!"

"ఎలకలు ఇంత గుండ్రంగా కొరుకుతాయా?" అని దాసన్న ఒక ప్లేటు తీసి కవరులోకి దూర్చాడు. కంపెనీ ముద్ర సరిగ్గా కంతలోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు కృష్ణవేణమ్మ మెడ మీద ఎర్రటి కోడిపుంజు తల ఎత్తి కూస్తోంది. పూలజడ దానికి కూడా బాగానే నప్పింది.

దాసన్న నెత్తిన చేతులు పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. "కవరుకు నడుమ కంత ఉంటాదని నీకు తెలీదా?"

"కంత ప్లేటుకు గదా ఉండేది! కవరుకెందుకు?"

"లోపల ప్లేటు మీద పాట పేరు అగపడాల గదప్పా! ఎప్పుడూ కవరు చూడల్యా నువ్వు?"

చూడలేదు. కంబన్న ప్లేట్లను చూసింది టీ హోటళ్లలోనే. అక్కడ ప్లేట్లన్నీ చెక్కపెట్టెలో బట్టల్లేకుండా పడి ఉండేవి, కవర్లు బజ్జీల నూనె పీల్చడానికి వెళ్లేవి. ఇక దాసన్నకు కవర్ల సంగతి పుట్టినప్పటినుంచీ తెలుసు గనుక, తెలియనివాడు ఒకడు లోకంలో ఉంటాడని అతనికి తోచలేదు.

"కోసిన మొగాలు ప్రెస్సులోనే ఉంటాయి. తెప్పించి అంటిస్తాం" అన్నాడు కంబన్న. ఇద్దరూ పోస్టాఫీసుకు పరుగెత్తి కడపకు ట్రంక్ కాల్ పెట్టారు. ఏసేపును ప్రెస్సు పక్కనున్న మందుల షాపు ఫోనుకు పిలిపించారు. ఆ రోజుల్లో ట్రంక్ కాల్ అంటే, ఫోను లేకపోయినా కడపకు వినబడేంత గట్టిగా అరవాలి.

"ఏసేపన్నా! మొగాలు యాడ పెట్టినావు?"

"యా మొగాలప్పా?"

"కోసినావు గదా, ఆ మొగాలు!"

మనియార్డర్లు రాయించుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే తలుపు వైపు జరిగారు.

"ఓ, అవా! మా ఇంట్లో ఏదీ పారేయం గదప్పా. మా ఇంటామె రాహేలమ్మ పండ్లు తోముకునే పండ్లపొడి చేస్తాది. ఆ డబ్బా మూతలకు కొలిచినట్ల సరిపోయినాయి. ఇన్నాళ్లూ ఆ పొడి కొనే నాథుడు లేడు. ఇప్పుడు నవ్వే మొగం చూసి ఎగబడి కొంటాండారు. అంతా దేవుని దయ!"

"కోసేటప్పుడు మొగం అని అగపడల్యా నీకు?"

"బొమ్మకు మరక పడకూడదని బోర్లా వేసి కోస్తి. కోసినాక తిప్పి చూస్తి. పట్నం డిజైను ఇట్లనే ఉంటాదేమో అనుకుంటి. అడిగేదానికి నేనెవురు?"

"ఇప్పుడవి యాడుండాయి?"

"మైదుకూరులో కొన్ని దిగినాయి, నంద్యాలలో కొన్ని దిగినాయి. కడాకు మిగిలిన గంప మీ ఊరికే వచ్చె గదప్పా. నీ కట్ట ముందరే పెట్టించినా!"

తన చేతులతో తాను దించిన గంప గుర్తొచ్చి కంబన్న ఫోను దాసన్న చేతిలో పడేసి తలుపు వైపు ఉరికాడు.

ఇద్దరూ బజారుకు వెళ్లేసరికి ఆ వ్యాపారి దుప్పటి పరిచి, డబ్బాలను వరుసగా పేర్చి కూర్చున్నాడు. మూత మూతకూ కృష్ణవేణమ్మ నవ్వుతోంది. దాసన్న చేతికందినన్ని డబ్బాలు చంకన ఇరికించుకున్నాడు. కంబన్న ఇస్త్రీ చొక్కాను ఒడిపట్టి అందులో పోసుకున్నాడు.

"ఏమప్పా దాసన్నా, ఇంత పండ్లపొడి ఏం చేసుకుంటావు?" అని ఎవరో అడిగారు.

నిజం చెబితే ఊరంతా తెలుస్తుంది. "ఊరికే" అన్నాడు దాసన్న.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. దాసన్న ఊరికే ఏదీ కొనడని కర్నూలులో అందరికీ తెలుసు. పైగా కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, వీధికొక మంత్రి దొరికేవాడు, ఏ కబురైనా ముందు ఆ ఊరికే తెలిసేది. "పండ్లపొడికి రేషన్ పెడ్తాండారంట!" అని ఒకడన్నాడు. "రేపట్నించి దొరకదంట!" అని ఇంకొకడన్నాడు. చూస్తూండగానే బజారు నిండిపోయింది. నోట్లో ఒక్క పన్ను కూడా లేని ముసలాయన రెండు డబ్బాలు గెలుచుకుని, వాటిని ఎత్తి చూపించుకుంటూ ఇంటికెళ్లాడు. కంబన్న ఒడిలోవి సగం గుంపులోనే మాయమయ్యాయి. వ్యాపారి దుప్పటి కూడా ఎవరో పట్టుకుపోయారు.

దక్కిన డబ్బాలతో అంగడికి చేరి మొగాలు ఊడదీయబోతే, రాహేలమ్మ తుమ్మబంక పనితనం తెలిసొచ్చింది. ఒక డబ్బా మీద నవ్వు ఊడి వచ్చింది, కళ్లు మూతకే ఉండిపోయాయి. ఇంకోదాని మీద ముక్కు ఒక్కటే వచ్చింది. కంబన్న ఒకదాని కళ్లూ, ఒకదాని ముక్కూ, ఒకదాని పళ్లూ కలిపి ఒక కవరుకు వెనక నుంచి అంటించాడు. దాన్ని చూసి దాసన్న, "దీనికంటే కోడే నయం కదప్పా" అన్నాడు.

"యాడ, నా మొగం యాడ?" అంటూ కృష్ణవేణమ్మ గడప దాటి లోపలికి వచ్చింది.

కొత్త పట్టుచీర కట్టుకుంది. నుదుటన బొట్టు తప్ప మొగాన ఏ రంగూ లేదు. బల్ల మీద ఉన్న ముక్కల మొగాన్ని చూసింది. పక్కన ఉన్న కోడి మొగాన్ని చూసింది. తిట్టి ఉంటే కంబన్నకు ప్రాణం కుదుటపడేది.

"నడిమధ్య రాయమని నేనే అంటి" అంది. "నా రాతలోనే మొగం లేదేమో. కృష్ణున్ని తీసేస్తే ఆడ ఉండేది కంతే కాబోలు." కొంగుతో కళ్లు తుడుచుకుని బయటికి నడిచింది. "సభా వద్దు, ఏమీ వద్దు. నేను ఊరికి పోతాండా."

"అక్కా, అక్కా, నిలబడక్కా!" అంటూ కంబన్న వెంటబడ్డాడు. తన మీసాలకు అంటిన తుమ్మబంకను కూడా తుడుచుకోలేదు. తన బొమ్మ పాడైందన్న బాధ అప్పటికే పోయింది. ఇప్పుడతని బాధంతా ఆమె కోసమే.

బస్టాండులో కోసిగి నుంచి కూలిపనులకు వచ్చినవాళ్లు మూటలు పెట్టుకుని కూర్చున్నారు. కృష్ణవేణమ్మ వాళ్ల పక్కనుంచి వెళుతుంటే, సిద్దమ్మ అనే ముసలామె తలెత్తి చూసి, మూటలోంచి డబ్బా తీసి చూసి, మళ్లీ తలెత్తింది.

"అమ్మీ! నువ్వు ఈ యమ్మవేనా?"

కృష్ణవేణమ్మ ఆగింది. డబ్బా మీద ఆమె మొగం. కిరీటం లేదు, నెమలీక లేదు, నీలం రంగు లేదు.

"నేనే" అంది. "నువ్వెప్పుడన్నా నా నాటకం చూసినావా? కృష్ణుని వేషం కడతా."

"యా కృష్ణుడమ్మా? నాటకాలు మాకు యాడివి! నిన్నే గదా చూస్తాండేది."

"మరి పండ్లపొడి..."

"నాకెందుకమ్మా ఆ పొడి? వేపపుల్లతోనే తోముకుంటా. ఈ మొగం శానా బాగుండాదని దుడ్లు పెట్టి కొన్యా. గుడిసెలో పెట్టుకుంటా."

కృష్ణవేణమ్మ అక్కడే, పట్టుచీరతోనే, ఆ మూటల మధ్య కూర్చుండిపోయింది. ఏడ్చిందో నవ్విందో కంబన్నకు అర్థం కాలేదు. అంతలో బస్టాండు మొత్తం మూగింది. "పండ్లపొడి అమ్మ వచ్చింది!" "నవ్వమ్మా, ఒక్క తూరి నవ్వు!" "జరుగప్పా, ఆయమ్మకు గాలి రానీ!" బనగానపల్లె బస్సు కండక్టరు ముందు సీటులో ఉన్నవాళ్లను లేపి, తువ్వాలుతో సీటు దులిపి నిలబడ్డాడు. ఆమె ఆ సీటు వైపు తనివితీరా చూసింది. తర్వాత కంబన్న వైపు తిరిగింది.

"సభ ఎన్నింటికప్పా?"

సభకు జనం విరగబడి వచ్చారు. సగం మంది డబ్బాలతో వచ్చారు, మిగతా సగం డబ్బాలు పంచుతారనుకుని వచ్చారు. ప్లేటు విడుదల చేయడానికి వచ్చిన ఉపమంత్రిగారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన ఖాళీ కవరు ఒకటి అందుకుని, ఈ కంత ఏమిటా అని మొగం దగ్గర పెట్టుకుని చూశాడు. కాసులపేరూ పూలజడా మధ్యన ఆయన కళ్లూ మీసాలూ వచ్చి సరిగ్గా కూర్చున్నాయి. హాలంతా పగలబడి నవ్వింది. ఆయన అది తన ఉపన్యాసం మహిమ అనుకుని ఇంకాసేపు అలాగే మాట్లాడాడు.

ఇక దాసన్నను పట్టేవాడు లేడు. ఇంటిల్లిపాదీ కంతలో మొగం పెట్టి వంతులవారీగా పట్టుచీర కట్టుకోవడానికి ప్రతివాడికీ కవరు కావలసివచ్చింది. "ప్లేటు వద్దప్పా, కవరు చాలు" అన్నవాళ్లకు కూడా దాసన్న బలవంతంగా ప్లేటు అంటగట్టాడు. కంబన్న ముందు వరుసలోనే కూర్చున్నాడు గాని పైకప్పు వైపు చూడడం మరిచిపోయాడు.

కొన్నాళ్లకు కంపెనీవాళ్లు రెండో ప్లేటు వేశారు. బుద్ధి తెచ్చుకున్న కంబన్న ఈసారి కవరు నడుమ ఖాళీ వదిలేసి, మొగాన్ని పైన మూలకు రాసి తీసుకెళ్లాడు. కృష్ణవేణమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేందప్పా, నన్ను తీసుకపోయి మూలకు తోసినావు?"

"నడుమ రాస్తే కోసేస్తారక్కా!"

"కోయనీ! మూలన ఉంటే రాహేలమ్మ డబ్బాకు ఎట్ల వస్తాది? కోసిగి దాకా పోయేది ఆ డబ్బానా, నీ కవరా?"

కంబన్న మొగాన్ని తెచ్చి మళ్లీ నడిమధ్యన పెట్టాడు. ఏసేపు మళ్లీ బోర్లా వేసి కోశాడు. ఆ రెండో ప్లేటులో పాటలు ఎలా ఉన్నాయని దాసన్న ఎవరిని అడిగినా, పళ్లు బాగా తెల్లబడ్డాయనే చెప్పారు.