ఆరు ప్రభుత్వ దుంపల కేసు

భూమిలో దుంప పెడితే దుంపలు వస్తాయన్నది ప్రకృతి నియమం. ఈ నియమానికి విత్తన దుంపల నియంత్రణ శాఖ ఆమోదం ఇంతవరకూ లభించలేదు. ఫైలు నడుస్తోంది.

ఈ సంగతి తెలియని ఒక టైలరు తన ఇంటి వెనక జాగాలో బంగాళాదుంపలు పండించాలని పూనుకున్నాడు. ఆ జాగా పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు (టేపుతో రెండుసార్లు కొలిచాడు, వృత్తి ధర్మం). గత నాలుగేళ్ళలో అక్కడ టమాటా ఎండిపోయింది. బీన్సు తీగ సగం గోడ ఎక్కి మనసు మార్చుకుంది. ఎవరు పాతినా బతికేసే పుదీనా కూడా టైలరు చేతిలో పడి వారం తిరక్కుండా కన్నుమూసింది. నాలుగేళ్ళూ ఓర్చుకున్న భార్య ఈసారి తేల్చి చెప్పేసింది.

"ఈ ఒక్క పంటే చూస్తానండీ. మీ చేత్తో పండింది ఒక్క దుంప, ఒక్కటంటే ఒక్కటి, వండుకుని తింటే ఇంక జన్మలో నోరెత్తను. లేకపోతే ఆ జాగా మా తమ్ముడి కారుకి ఇచ్చేస్తా."

బావమరిది కారు కదిలి మూడేళ్ళయింది. నాలుగు ఇటుకల మీద నిలబడి ఉంటుంది. అది ఒకసారి వచ్చి కూర్చుందంటే మళ్ళీ లేవదని టైలరుకు బాగా తెలుసు. కారు మాట అలా ఉంచితే, తన చేత్తో పండించినది భార్యకు ఒక్కసారైనా తినిపించాలన్న కోరిక అతనికి నిజంగానే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఊరందరి కొలతలూ తీసుకుంటూ, ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఒక అంగుళం తక్కువే పడుతున్నానని అతని బాధ.

మొదట వంటింటి బుట్టలోని దుంపలే తీసి పాతాడు. మూడు వారాలైనా చడీచప్పుడూ లేదు. కూరగాయల కొట్టావిడను అడిగితే ఆవిడ జాలిగా చూసింది.

"అవి మొలకెత్తకుండా మందు కొట్టినవి కదన్నా. తినడానికే పనికొస్తాయి. మొలవాలంటే విత్తన దుంపలు కావాలి. అవి ఆఫీసులోనే ఇస్తారు."

శాఖ కార్యాలయం మూడంతస్తులు. కింద అంతస్తులో దరఖాస్తులు తీసుకుంటారు, రెండో అంతస్తులో వాటిని కింద అంతస్తుకు తిప్పి పంపుతారు, మూడో అంతస్తులో లిఫ్టు ఆగదు. నాలుగో కిటికీ దగ్గరున్న గుమస్తా కళ్ళద్దాల పైనుంచి చూసి, ఇప్పుడు అంతా యాప్‌లోనే అంది. టైలరు ఆమె ఎదురుగానే యాప్ తెరిచాడు. పేరు, చిరునామా, చొక్కా సైజు (ఎందుకో ఎవరికీ తెలియదు, కానీ తప్పనిసరి) అన్నీ నింపాక, పంట ఫోటో జతచేయమని యాప్ అడిగింది. పంట లేదు కాబట్టే కదా వచ్చానంటూ అతను ఖాళీ జాగా ఫోటో పెట్టాడు. 'మొక్క కనబడలేదు. మొక్కలు లేనివారు విత్తనానికి అనర్హులు' అని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"మరి ఏం చెయ్యమంటారమ్మా?"

"ఏదో ఒక మొక్కది పెట్టండి. అది చూసేది మనుషులు కాదుగా."

టైలరు తన కొట్టుకు వెళ్ళి, అద్దం పక్కనున్న ప్లాస్టిక్ పూలకుండీని ఫోటో తీసి పెట్టాడు. 'మీ పంట ఆరోగ్యంగా ఉంది. అభినందనలు' అని యాప్ మెచ్చుకుంది. నాలుగేళ్ళలో అతని తోటపనికి దక్కిన మొదటి మెప్పు అదే కాబట్టి కాస్త సంతోషించాడు కూడా.

తర్వాత నెలరోజులు కాళ్ళరిగేలా తిరిగాడు. వెళ్ళినప్పుడల్లా "అయిపోయిందండీ, ఇంక చిన్న పనే ఉంది, ఎల్లుండి సాయంత్రం రండి" అనేవారు. (సరిగ్గా ఇదే మాట అతను ఇరవై ఆరేళ్ళుగా తన ఖాతాదారులకు చెబుతున్నాడు. అవతలివైపు నిలబడి వినడం ఇదే మొదలు. అంత బాగా లేదు.) చివరికి ఒక ఎల్లుండి నిజంగానే వచ్చింది. సీలు వేసిన సంచిలో ఆరు దుంపలు చేతిలో పెట్టి, మూడు చోట్ల సంతకం చేయించుకున్నారు.

తప్పు జరిగింది ఇక్కడే. ఎంత గుడ్డ ఇచ్చినా అంత గుడ్డలోనే ఒకటి ఎక్కువ తీయడం మంచి టైలరు లక్షణం. మూడు చొక్కాల గుడ్డలో నాలుగు తీసి చూపించిన చెయ్యి అది. ఆరు దుంపలనూ బల్లమీద పెట్టి, సుద్దతో గీతలు గీసి, ఒక్కో ముక్కకు రెండేసి కళ్ళు (మొలక వచ్చే గుంటలు) ఉండేలా పద్నాలుగు ముక్కలు కోశాడు. కోసిన చోట ఆరేదాకా రెండు రోజులు నీడన ఉంచాడు. చాళ్ళు తీసి, జానెడు జానెడు దూరంలో, కళ్ళు పైకి ఉండేలా పాతాడు. మూడు వారాలకు పద్నాలుగూ మొలిచాయి. మొలకలకు మట్టి ఎగదోస్తూ టైలరు ఈల కూడా వేశాడు. భార్య కిటికీలోంచి చూసి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో పెద్ద విశేషం.

ముప్ఫయ్యో రోజున దుంపల తనిఖీ అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడిచి తోటలోకి అడుగుపెట్టాడు. మొక్కలు లెక్కపెట్టాడు. రిజిస్టరు చూశాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"మీకిచ్చినవి ఆరు కదండీ?"

"అవునండి."

"ఇక్కడ పద్నాలుగున్నాయేంటి?"

"కోసి పెట్టాను సార్."

అధికారి పక్కనున్న బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. "ప్రభుత్వ దుంపని కోశారా?"

"కళ్ళు చూసుకునే కోశాను సార్. ఒక్క ముక్క కూడా వృథా పోలేదు."

"అది కాదండీ నేనడిగేది. ఆరు మావి. మిగతా ఎనిమిదీ ఎక్కడివి?"

కిటికీలోంచి ఇదంతా వింటున్న భార్యకు ఒళ్ళు మండింది. "మా పుట్టింటి నుంచి తెచ్చుకున్నాను, రాసుకోండి!" అంది.

అధికారి రాసుకున్నాడు.

వారం తిరిగేసరికి రెండు నోటీసులు వెళ్ళాయి. ఒకటి టైలరుకు. రెండోది ఎనిమిది అనధికార దుంపల సరఫరాదారు హోదాలో, ఆ పుట్టింట్లోనే ఉంటున్న బావమరిదికి. బావమరిది ఫోన్లో వణికిపోయాడు. "అక్కా, నాకా తోటతో ఏ సంబంధమూ లేదు. ఆ జాగాలో నా కారు కాదు కదా, కారు నీడ కూడా పెట్టను. ఎవరడిగినా అదే చెప్పు" అని పెట్టేశాడు. భార్య ఫోను బల్లమీద పెట్టి, "పీడ విరగడైంది" అంది. ఎవరి పీడ అన్నది టైలరు అడగలేదు.

కేసు తేలేదాకా తోటను ఎవరూ ముట్టరాదని చుట్టూ పసుపు రిబ్బను కట్టారు. నీళ్ళు పోస్తే సాక్ష్యాన్ని ప్రభావితం చేసినట్టు అవుతుందట. అదృష్టం కొద్దీ వాన ఎవరి అనుమతీ అడగకుండా కురిసింది. ముట్టుకునే వీలు లేకపోవడం వల్లే కావచ్చు, టైలరు జీవితంలో మొదటిసారి ఒక పంట ఏపుగా పెరిగింది. రోజూ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూసేవారు.

"పచ్చగా ఉన్నాయండీ" అంది భార్య ఒకరోజు.

"ఊఁ" అన్నాడు టైలరు. కిటికీ రెక్క ఇంకాస్త తెరిచాడు.

ఆకులు పసుపు తిరిగే వేళకు తనిఖీ అధికారి తుది దర్యాప్తు బృందంతో దిగాడు. నలుగురు మనుషులు, రెండు పారలు, నాలుగు ప్లాస్టిక్ పెట్టెలు. ప్రతి మొక్కనూ నెంబరు వేసి తవ్వారు. మట్టిలోంచి దుంపలు ఒకదాని వెనక ఒకటి బయటపడుతుంటే టైలరు తన కేసు మర్చిపోయి, "అదిగో సార్, మీ ఎడం కాలి దగ్గర ఇంకోటి" అని చూపించడం మొదలుపెట్టాడు. మొత్తం డెబ్బై మూడు.

అధికారి ముఖం పాలిపోయింది. "పోయినసారి ఎనిమిదే ఎక్కువ. ఇప్పుడు అరవై ఏడు!" అన్నాడు. అంతలో అతనికి ఇంకో అనుమానం వచ్చింది. "ఇంతకీ మేమిచ్చిన ఆరు ఏవండీ ఇందులో?"

"అవి మట్టిలో కలిసిపోయాయి కదా సార్. అవి కుళ్ళితేనే కదా ఇవి వచ్చేది."

"అంటే మావి ఆరూ మాయం. ఉన్నవి డెబ్బై మూడూ అనధికారం." అధికారి నిట్టూర్చాడు. "మీరు మంచివారేనండీ, కానీ చూశారా కేసు ఎక్కడిదాకా వచ్చిందో."

డెబ్బై మూడింటినీ పెట్టెల్లోకి ఎత్తి పరీక్షాకేంద్రానికి బయల్దేరదీశారు. గుమ్మం దగ్గర భార్య అడ్డం నిలబడింది.

"బాబూ, ఒక్కటి ఇచ్చి వెళ్ళండి. చిన్నదైనా ఫర్వాలేదు. మా ఆయన చేత్తో పండిన మొదటి పంట ఇది."

అధికారికి నిజంగానే జాలి వేసింది. పెట్టెలోకి చూశాడు, ఒక దుంపను చేతిలోకి తీసుకున్నాడు, బరువు చూశాడు, మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. "డెబ్బై మూడని రాసేశానమ్మా" అన్నాడు.

పెట్టెలు వెళ్ళిపోయాక టైలరు తవ్వి పోసిన మట్టిలో కూర్చుని వేళ్ళతో వెతికాడు. భార్య కూడా వచ్చి పక్కన కూర్చుని వెతికింది. ఏమీ దొరకలేదు. శాఖ వారి పనిలో వంక పెట్టడానికి లేదు.

"పండించారండీ" అంది ఆవిడ, చేతులు దులుపుకుంటూ. "తినలేదు గానీ, కళ్ళారా చూశాను."

రెండు వారాల తర్వాత కవరు వచ్చింది. టైలరు కళ్ళజోడు పెట్టుకుని భార్యకు చదివి వినిపించాడు. 'విషయం: డెబ్బై మూడు అనధికార దుంపల పరీక్షా ఫలితము. నమూనాలన్నియు సిబ్బంది సమక్షమున మధ్యాహ్న వేళ క్షుణ్ణముగా పరీక్షించబడినవి. పరీక్షలోనే పూర్తయినందున తిరిగి పంపుటకు వీలుపడలేదు. నాణ్యత సంతృప్తికరము. ఉప్పు కొంచెము తక్కువైనది. వచ్చే పంటకు దరఖాస్తుదారు తగు శ్రద్ధ వహించవలెను.'